చలివేంద్రం ఘటన వెనుక ఉద్దేశం

పాలరేవు జిల్లా పౌరసంబంధాల అధికారి ఓలేటి భానుమూర్తి రాసిన ప్రకటనల్లో ఇంతవరకు ఒక్కటి కూడా తప్పని రుజువు కాలేదు. ఇందులో ఆయన గొప్పతనం లేకపోలేదు. తప్పో ఒప్పో తేల్చడానికి వీలైన మాట ఏదీ వాటిలో పడకుండా ఆయన రాత్రింబవళ్ళు కాపలా కాసేవాడు. వరద వస్తే పరిస్థితి అదుపులో ఉండేది. హాస్టలు పిల్లలకు వాంతులైతే నివేదిక అందాక తగు చర్యలు ఉండేవి. ఒకసారి కలెక్టరు గారి కుక్క తప్పిపోయింది. అప్పుడు భానుమూర్తి, "ఘటన వెనుక ఉద్దేశం ఏమిటన్నది ఇంకా తేలాల్సి ఉంది, ఏ కోణాన్నీ కొట్టిపారేయలేం, అన్ని కోణాల్లోనూ దర్యాప్తు కొనసాగుతోంది" అని రాశాడు. కుక్క సాయంకాలానికి తోక ఊపుకుంటూ దానంతటదే వచ్చేసింది గానీ, ఆ వాక్యం మాత్రం భానుమూర్తికి తెగ నచ్చింది. అంత నిండుగా కనిపిస్తూ అంత ఖాళీగా ఉన్న వాక్యం మళ్ళీ తనవల్ల కాదనిపించింది. ఎప్పటికైనా పనికొస్తుందని మనసులో దాచుకున్నాడు.

పనికొచ్చింది. నూకరాజు ప్రాణం మీదికి వచ్చింది.

నూకరాజు బస్టాండు ముందు గోళీసోడాల బండి పెట్టుకున్నవాడు. భానుమూర్తి మధ్యాహ్నం భోజనం కాగానే ఆ బండి దగ్గర ఒక నిమ్మసోడా తాగి, త్రేనుపు వచ్చాక ఆఫీసుకు బయల్దేరేవాడు. వాళ్ళిద్దరి పరిచయం ఆ త్రేనుపు వరకే.

రోహిణి కార్తెలో ఒక పూట ఆ బస్టాండు ఎదుటే మంత్రి గారు చలివేంద్రం ప్రారంభించడానికి వచ్చారు. ఎండన పడి వచ్చేవాళ్ళకు ఉచితంగా మంచినీళ్ళు పోసే తాటాకు పాక అది. పాకలో కొత్త కుండలు, పాక ముందు రిబ్బను, పక్కన షామియానా, దాని కింద వేదిక. జనం వస్తారు కదా, నాలుగు సోడాలు అమ్ముడవుతాయని నూకరాజు తన బండి తెచ్చి షామియానా నీడ అంచున ఆపుకున్నాడు. బండికి గ్యాసు సిలిండరు కట్టి ఉంటుంది. సోడాకు ఆ చురుకు వచ్చేది అందులోంచే.

మంత్రి గారు నీటి విలువ గురించి మాట్లాడారు. చాలాసేపు మాట్లాడారు. ఆయన మొదలుపెట్టినప్పుడు సిలిండరు మీద నీడ ఉంది. మన సంస్కృతిలో నీటి స్థానం దగ్గరికి వచ్చేసరికి నీడ పక్కకు జరిగిపోయింది. నదుల అనుసంధానం దగ్గరికి వచ్చేసరికి సిలిండరు అట్లపెనంలా కాలుతోంది. ఎట్టకేలకు ఆయన కత్తెర అందుకుని రిబ్బను మీద పెట్టారు. సరిగ్గా అప్పుడే సిలిండరు పేలింది.

అదృష్టం బాగుండి ఎవరికీ ఏమీ కాలేదు. కుండలు పగిలాయి. షామియానా కూలి మంత్రి గారి మీద పడింది. నూకరాజు కనుబొమ్మలు ఎగిరిపోయాయి. షామియానా కిందినుంచి లాగేటప్పటికి మంత్రి గారు నిలువునా తడిసిపోయి, చేతిలో కత్తెర అలాగే పట్టుకుని, "ఎవరు? ఎవరు?" అని అడుగుతున్నారు. అడిగింది మంత్రి గారు కాబట్టి ఎవరో ఒకరిని చూపించక తప్పదు. కనుబొమ్మలు లేని మనిషి ఎదురుగానే నిలబడి ఉన్నాడు. అతన్ని జీపెక్కించారు.

గంట తిరిగేలోగా ఎస్పీ అమరేంద్ర గారి గదిలో సమావేశం జరిగింది. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ గోవిందు ఉన్నదున్నట్టు చెప్పాడు.

"ఎండకి సిలిండరు పేలిందండి. మంత్రి గారి ఉపన్యాసం సాగడం వల్ల నీడ జరిగిపోయిందండి. అంతకుమించి ఏమీ లేదు."

"ఉపన్యాసం అన్న మాట ఎక్కడైనా రాశారా?"

"ఇంకా లేదండి."

"రాయకండి. ఆ నీడ జరిగితే జరిగింది, మన మీద ఉన్న నీడ జరగకూడదు." ఎస్పీ భానుమూర్తి వైపు తిరిగాడు. "బయట పత్రికలవాళ్ళు కాచుకుని ఉన్నారు. ప్రమాదమంటే ఎలా జరిగిందని అడుగుతారు. దాడి అంటే ఎవరు చేశారని అడుగుతారు. ఎవరూ ఏమీ అడగడానికి వీల్లేని మాట ఒకటి కావాలి. శాంతిభద్రతల దృష్ట్యా."

భానుమూర్తి ఛాతీ కొంచెం పొంగింది. దాచుకున్న వాక్యాన్ని బయటికి తీసి, పైకి చదివి వినిపించాడు. ఎస్పీ కళ్ళు మూసుకుని విన్నాడు.

"బాగుంది. ఏ కోణాన్నీ అన్నచోట, ఉగ్రవాద కోణంతో సహా ఏ కోణాన్నీ, అని పెట్టండి. మంత్రి గారి స్థాయికి తగినట్టు ఉంటుంది."

గోవిందు బుర్ర గోక్కున్నాడు. "ఉద్దేశం తేలాల్సి ఉందంటే, ఏదో ఒకటి ఉన్నట్టవుతుందేమోనండి."

"తేలాల్సి ఉందంటున్నాం. ఉందని ఎక్కడన్నాం?" అన్నాడు ఎస్పీ. భానుమూర్తి కూడా గోవిందు వైపు కాస్త జాలిగా చూశాడు. ఈ సున్నితమైన విషయాలు ఖాకీ బట్టల వాళ్ళకు అర్థం కావని ఆయన అభిప్రాయం.

ఆ సాయంకాలమే 'మన రేవు' కేబుల్ చానల్లో చర్చ పెట్టారు. భాషాప్రవీణ శేషావధాని గారు వచ్చారు. జీవితమంతా హైస్కూల్లో పద్యాలకు ప్రతిపదార్థం చెప్పి రిటైరైన మనిషి. పద్యం దొరక్క అల్లాడిపోతున్న సమయంలో ఆయనకు ఎస్పీ గారి ప్రకటన చేతికందింది. ఆయన పక్కన రిటైర్డు డీఎస్పీ సుందరం కూర్చున్నాడు.

"ఇంకా తేలాల్సి ఉంది, అన్నారు," అని మొదలుపెట్టారు శేషావధాని గారు. "ఇంకా అన్నారంటే కొంత తేలిందన్నమాట. తేలినది మనకు చెప్పలేదంటే, అది చెప్పదగినది కాదన్నమాట. చెప్పదగినది కాదంటే..." అక్కడ ఆపి, కళ్ళజోడు తీసి ఉత్తరీయంతో తుడుచుకున్నారు. ఆ తుడుచుకోవడం చూసి సగం ఊరు వణికింది.

"మీ అనుభవంలో, కొట్టిపారేయలేం అంటే ఏమిటండి?" అని యాంకరు సుందరాన్ని అడిగింది.

"నేను సర్వీసులో ఉండగా ఆ మాట ఒక్కసారే వాడాం."

"ఎప్పుడండి?"

"చెప్పకూడదమ్మా."

మిగతా సగం ఊరూ వణికింది. నిజానికి సుందరం ఆ మాట వాడింది కొబ్బరితోటలో మేక పోయిన కేసులో. కానీ అధికార రహస్యం అధికార రహస్యమే.

మర్నాటి నుంచి జిల్లాలో సోడాబండ్లు బందు. పోలీసులు సీసాలు పగలగొట్టి, గాజుతో చేసిన గోళాకార వస్తువులను భారీగా స్వాధీనం చేసుకున్నారు. అవి చాలవన్నట్టు బడి ఆవరణలో గోళీలాడుకుంటున్న పిల్లల జేబులు కూడా సోదా చేసి, ముందురోజు కంటే ఎక్కువ పట్టుకున్నామని ఫొటో దిగారు. బట్టల కొట్లవాళ్ళు భయపడి సగం తలుపు మూసుకుని బేరాలు చేశారు. ఇదంతా సద్దుమణగాలని ఎస్పీ ఇంకో ప్రకటన రాయించాడు. "ప్రజలు ఎంతమాత్రం భయపడాల్సిన అవసరం లేదు" అని భానుమూర్తి నిండు మనసుతో రాసి ఇచ్చాడు.

అది టీవీలో రాగానే జనం మూటాముల్లె సర్దుకుని బస్టాండుకు పరుగెత్తారు. చంకలో బిడ్డ, చేతిలో బుట్ట ఉన్న ఒకావిడను విలేకరి ఆపి, భయపడొద్దన్నారు కదమ్మా, ఎక్కడికి వెళ్తున్నారని అడిగాడు.

"మా పుట్టింటి ఊళ్ళో కూడా ఇలాగే భయపడొద్దన్నారండి," అంది ఆవిడ. "తెల్లారేసరికి ఏరు ఇంట్లో ఉందండి."

పాలరేవు ఖాళీ అవుతోందన్న కబురు రాజధానికి చేరింది. ప్రభుత్వం వెంటనే ఉద్దేశ నిర్ధారణ విభాగం అని కొత్తది ఒకటి పుట్టించి, దానికి ప్రత్యేకాధికారిగా చక్రపాణి గారిని పంపింది. ఆయన వచ్చీ రాగానే భానుమూర్తి ఆఫీసులో సగం ఆక్రమించుకుని, ఎయిర్ కూలరు తన వైపు తిప్పుకుని, గోవిందును పిలిపించాడు. ప్రకటన రాసింది ఈయనే కాబట్టి భానుమూర్తిని కూడా కూర్చోబెట్టారు.

"ఇది ప్రమాదమండి," అన్నాడు గోవిందు.

"కావచ్చు. కాదని విభాగం అనడం లేదు. దాని ఉద్దేశం ఏమిటి?"

"ప్రమాదానికి ఉద్దేశం ఉండదండి."

"ఉండదని మీ ఎస్పీ గారు అన్నారా? తేలాల్సి ఉందన్నారు. లేకపోతే లేదనే అనేవారు. అంత పెద్ద అధికారికి ఉన్నదీ లేనిదీ తెలియదంటారా?" చక్రపాణి కుర్చీలో వెనక్కి వాలాడు. "చూడండి, ఉద్దేశం ఉన్నట్టు ప్రభుత్వ స్థాయిలో ఖరారైపోయింది. దాని ఆధారంగా మాకు పోస్టులు మంజూరయ్యాయి, వాహనాలు మంజూరయ్యాయి. ఇప్పుడు అది దొరకడమే తరువాయి."

గోవిందు భానుమూర్తి వైపు చూశాడు. ఈసారి జాలిపడటం గోవిందు వంతయింది.

తర్వాత నూకరాజును తీసుకొచ్చారు. కనుబొమ్మలు లేకపోవడంతో అతని మొహం ఎప్పుడూ ఏదో విని ఆశ్చర్యపోతున్నట్టు ఉంది. దాన్ని నటన అని చక్రపాణి ముందే రాసి పెట్టుకున్నాడు.

"నీ ఉద్దేశం ఏమిటి?"

"సోడాలు అమ్ముకుందామనండి."

"అది పైకి కనపడేది. లోపల?"

"లోపల గ్యాసుందండి."

"బండి అక్కడే ఎందుకు ఆపావు?"

"నీడ ఉందనండి."

"నీడ దేనిది?"

"షామియానాదండి."

"షామియానా ఎవరిది?"

"మంత్రి గారిదండి."

"మంత్రి గారి నీడ మీద ఎప్పట్నుంచి కన్ను వేశావు?"

నూకరాజు భానుమూర్తి వైపు తిరిగాడు. "అయ్యగారూ, మీరు రోజూ తాగుతారు కదండీ. మీరు చెప్పండి, నేనేం చేశానో."

భానుమూర్తి నోరు తెరిచాడు. ఎన్నో ఏళ్ళుగా ఆ నోట్లోంచి సూటిగా ఒక్క మాట వచ్చి ఎరుగదు. "దర్యాప్తు జరుగుతోంది కదా," అన్నాడు. అన్నాక తన మీద తనకే అసహ్యం వేసింది.

శుక్రవారం నాడు నూకరాజును రాజధానిలోని ప్రత్యేక కోర్టుకు అప్పగిస్తారని ఖాయమైంది. ఆ కోర్టుకు చేరినవాడికి బెయిలు ఉండదని, విచారణ మొదలయ్యేసరికే జుట్టు నెరిసిపోతుందని గోవిందు చెప్పాడు. కొత్తగా వచ్చే కనుబొమ్మలు కూడా నెరుస్తాయని చెప్పి, ఆ మాటకు తనే నవ్వలేక ఊరుకున్నాడు.

ఆఫీసు వరండాలో నూకరాజు పెళ్ళాం వీరవేణి కూర్చుని ఉండేది. స్టేషనులో లోపలికి రానివ్వరు, కలెక్టరాఫీసులో గేటు దాటనివ్వరు. పౌరసంబంధాల ఆఫీసులో ఆపేవాళ్ళు లేరు, ఇన్నేళ్ళలో అక్కడికి పౌరులు ఎవరూ రాలేదు కాబట్టి ఆపే అలవాటు ఎవరికీ లేదు. మొగుడికి పెట్టనివ్వని కేరేజీ ఒళ్ళో పెట్టుకుని, భానుమూర్తి వస్తే లేచి నిలబడేది.

"ఆ మాట రాసింది మీరేనంటగా బాబూ."

"నేను రాశానంటే... పై అధికారుల ఆదేశాల మేరకు..."

"ఎవరి మేరకైనా రాసింది మీ చెయ్యేగదండీ. అది ఎనక్కి తీసేసుకోండి బాబూ. మా ఆయన ఉద్దేశాలూ అయ్యీ ఉండే మనిషి కాదండి. కూరేం వండమంటావంటే కూడా నీ ఇట్టం అంటాడండి. పెళ్ళయిన కాడ్నించీ నా ఇట్టమేనండి. అలాంటోడు మంత్రి గారి మీద ఏం ఉద్దేశం పెట్టుకుంటాడండి?"

ఇంత చక్కటి సాక్ష్యం ఏ విభాగానికీ దొరకదని భానుమూర్తికి అనిపించింది. ఆ మధ్యాహ్నం ఆయనకు అన్నం సయించలేదు. తిన్న నాలుగు ముద్దలూ సోడా లేక గొంతు దగ్గరే ఆగిపోయాయి. నేరుగా ఎస్పీ దగ్గరికి వెళ్ళాడు.

ఆయన వెళ్ళిన సమయం బాగుంది. పత్రికల్లో తన ఫొటో రావాల్సిన చోట చక్రపాణి ఫొటో వస్తోందని ఎస్పీ మండిపడుతున్నాడు. "ప్రమాదం అని తేల్చేస్తే ఆ విభాగం పెట్టేబేడా సర్దుకుంటుందంటారా?" అని ఒకటికి రెండుసార్లు అడిగి, సరే రాయమన్నాడు.

భానుమూర్తి రాశాడు. "ఇది కేవలం ప్రమాదం. ఎండకు సిలిండరు పేలింది. నూకరాజు నిర్దోషి." ఆయన జన్మలో అంత చిన్న ప్రకటన రాయలేదు. మళ్ళీ చదువుకుంటే నడివీధిలో పంచె ఊడిపోయినట్టు అనిపించింది. అయినా పంపేశాడు. పంపేశాక మనసు తేలికపడింది. రేపీపాటికి నూకరాజు ఇంట్లో ఉంటాడు, వీరవేణి తన ఇష్టమొచ్చిన కూర వండుతుంది అనుకుంటూ టీవీ పెట్టాడు.

శేషావధాని గారు ప్రకటనను అటూ ఇటూ తిప్పి చూశారు. "ఇందులో ప్రతిపదార్థం చెప్పడానికి పదాలే లేవు," అన్నారు చివరికి. "ఇంత సూటిగా రాశారంటే ఎంత ఒత్తిడి వచ్చి ఉండాలి, ఎక్కడినుంచి వచ్చి ఉండాలి అన్నది ప్రేక్షకులు ఊహించుకోవాలి."

"ప్రభుత్వం నిజం చెప్పే పద్ధతి ఇది కాదండి," అన్నాడు సుందరం. "నిజమైతే వారం రోజుల తర్వాత, కొంత, ప్రాథమికంగా చెబుతాం. ఇలా మొత్తం ఒకేసారి బయట పెట్టారంటే ఎవరినో కాపాడుతున్నారు."

తెల్లారేసరికి బస్టాండు దగ్గర జనం బైఠాయించారు. నూకరాజు వెనుక ఉన్న పెద్ద తలకాయ ఎవరో చెప్పాలని, అతన్ని కఠినంగా శిక్షించాలని నినాదాలు. మొన్నమొన్నటిదాకా అతని దగ్గర అరువు సోడాలు తాగినవాళ్ళే ముందు వరసలో ఉన్నారు. చక్రపాణి పరిస్థితి తీవ్రతను దృష్టిలో పెట్టుకుని శుక్రవారం దాకా ఆగకుండా ఆ రోజే నూకరాజును తరలిస్తున్నట్టు ప్రకటించాడు. ఎస్పీ భానుమూర్తిని పిలిచి, ఇక మీదట నిజాయితీలాంటివి తన అనుమతి లేకుండా చెయ్యొద్దని మందలించాడు.

ఆ పూట వీరవేణి వరండాలో కూర్చుంది గానీ లేచి నిలబడలేదు. ఎదుటి కొట్లోంచి వినపడుతున్న టీవీ వైపు చెవి పెట్టి కూర్చుంది.

భానుమూర్తి ఆమెను దాటుకుని రోడ్డు మీదికి వచ్చాడు. కాళ్ళు అలవాటుగా సోడాబండి ఉండే చోటికి తీసుకెళ్ళాయి. అక్కడ ఖాళీ నేల తప్ప ఏమీ లేదు. పక్కనున్న టీకొట్లో కూలబడ్డాడు. బెంచీ మీద ఇద్దరు బేరగాళ్ళు మాట్లాడుకుంటున్నారు.

"అసలు పేలిందే ఎండకి అంటన్నారెహె."

"ఆళ్ళు ఎండ అన్నారంటే ఇంకేదైనా అవ్వాలి గానీ ఎండ అవ్వదు. గవర్నమెంటోళ్ళు కాదంటే అవునని, అవునంటే కాదని. ఇది ఈవేళ కొత్తా?"

భానుమూర్తి టీ అందుకోబోయి ఆగిపోయాడు. గ్లాసు అక్కడే వదిలేసి ఆఫీసుకు నడిచాడు. కాదు, దాదాపు పరుగెత్తాడు. తలుపు వేసుకుని రాయడం మొదలుపెట్టాడు.

"చలివేంద్రం ఘటన వెనుక ఉద్దేశం సంపూర్ణంగా నిర్ధారణ అయింది. సోడా వ్యాపారి నూకరాజు అంతర్జాతీయ కుట్రకు ప్రధాన సూత్రధారి. పక్కా సాక్ష్యాధారాలు ఉన్నాయి. దర్యాప్తు అత్యంత పారదర్శకంగా, ఎవరి ఒత్తిడీ లేకుండా జరిగింది. ప్రజలకు ఎలాంటి అనుమానాలూ అక్కర్లేదు."

రాసింది మళ్ళీ ఒకసారి చదువుకున్నాడు. ఒకవేళ జనం ఈ ఒక్కసారికి నమ్మితే? ఇన్నేళ్ళుగా నమ్మనివాళ్ళు సరిగ్గా ఈ పూటే నమ్మడం మొదలుపెడితే ఒక మనిషి బతుకు తెల్లారినట్టే. భానుమూర్తి తన ఉద్యోగ జీవితమంతా తలుచుకున్నాడు. అందులో ఎవరైనా నమ్మిన ప్రకటన ఒక్కటీ గుర్తు రాలేదు. ధైర్యం తెచ్చుకుని దాన్ని చక్రపాణి ముందు పెట్టాడు.

చక్రపాణి ఒకసారి చదివి, కూలరు ఆపించి, మళ్ళీ చదివాడు. ఆయన కళ్ళు చెమర్చాయి.

"ఇందులో ప్రాథమికంగా అన్న మాట లేదు. ఇంకా అన్న మాట లేదు. చాలా సాహసం చేశారు భానుమూర్తి గారూ," అని సంతకం పెట్టి, "ఈ ఘనత ఎస్పీ గారి కంటే ముందు విభాగం పేరు మీద వెళ్ళాలి," అన్నాడు.

వెళ్ళింది. టీవీలో సుందరం మొదటి వాక్యం దగ్గరే నవ్వేశాడు. "పక్కా సాక్ష్యాలున్నాయంటే నా సర్వీసులో అర్థం ఒకటే. ఏమీ లేవని."

శేషావధాని గారు ప్రకటన మీద వేలు పెట్టి చదివారు. "ఎవరి ఒత్తిడీ లేకుండా, అన్నారు. ఆ మాట ఎవరు రాయిస్తారో మనకు తెలుసు. అనుమానాలు అక్కర్లేదు, అన్నారు. మనకు అనుమానం లేదని వారికెందుకు అనుమానం వచ్చింది? పాపం, ఒక సోడాలమ్ముకునే అమాయకుణ్ణి బలిచేస్తున్నారు నాయనా."

ఆ మధ్యాహ్నానికి పాలరేవు రంగు మారిపోయింది. పొద్దున్న శిక్షించాలన్న నోళ్ళే విడుదల చెయ్యాలన్నాయి. అవే జెండాలు, అదే మైకు, ముందు వరస కూడా అదే. కనుబొమ్మలు లేని నూకరాజు ఫొటోకు దండ వేయబోతే, బతికున్నవాడికి వేయకూడదని ఎవరో ఆపారు. నూకరాజును ఎక్కించిన జీపు కాలువ వంతెన దాటకుండా ఆడవాళ్ళు రోడ్డుకు అడ్డంగా పడుకున్నారు. అధికారికంగా తేలిన ఉద్దేశాన్ని ఎవరూ నమ్మడం లేదన్న సంగతి మంత్రి గారికి చేరింది. ఆయన జనం నాడి తెలిసినవారు. తనకు ఎవరి మీదా కక్ష లేదని, నీటి విలువ తెలిసినవాడికి క్షమ విలువ కూడా తెలుసునని మొదలుపెట్టి, మళ్ళీ చాలాసేపు మాట్లాడారు. ఈసారి చుట్టుపక్కల సిలిండరు లేకుండా చూశారు.

విడుదలకు ఏదో ఒక కారణం కావాలి. ఎస్పీ ఆలోచించి, సాంకేతిక కారణాల వల్ల అని రాయమన్నాడు. ఆ మాట రాస్తూ భానుమూర్తి ఒక్క క్షణం ఆగాడు. సిలిండరు పేలడం సాంకేతిక కారణమే. ఎవరూ పిలవకుండా నిజం తనంతట తాను వచ్చి ప్రకటనలో కూర్చుంది. దాన్ని ఒక్కరూ గుర్తుపట్టలేదు. చక్రపాణి గారి విభాగానికి మాత్రం గడువు పొడిగించారు. ఇప్పుడది విడుదల వెనుక ఉద్దేశాన్ని దర్యాప్తు చేస్తోంది. కూలరు ఇంకా ఆయన వైపే ఉంది.

కొన్నాళ్ళకు సోడాబండ్ల మీద బందు ఎత్తేశారు. భోజనం చేసి భానుమూర్తి బస్టాండు దగ్గరికి వెళ్ళాడు. నూకరాజు బండి ఉంది. సిలిండరుకు తడిపిన గోనెసంచి చుట్టి ఉంది. కనుబొమ్మలు గరుకుగా మొలుస్తున్నాయి. ఇదివరకెప్పుడూ లేనంత రద్దీగా ఉంది బండి. సోడా తాగిన ప్రతివాడూ దగ్గరికి జరిగి గొంతు తగ్గించి, ఇంతకీ ఏంటి కథ అని అడుగుతున్నాడు. ఎండకి పేలిందండి అంటున్నాడు నూకరాజు. ఆహా, అలాగే, అలాగే, అని కన్ను గీటి, చిల్లర వదిలేసి వెళ్ళిపోతున్నారు. వీరవేణి వెనక పక్కన కూర్చుని సీసాలు కడుగుతోంది. భానుమూర్తిని చూసి, చేతులు కొంగుకు తుడుచుకుని లేచి వచ్చింది.

"మీ దయవల్ల మా ఆయన ఇంటికొచ్చాడండి," అంది. తర్వాత అటూ ఇటూ చూసింది. "ఒక్క మాట అడుగుతాను, ఏమనుకోకండి బాబూ. మా ఆయన నాకాడ కూడా సిలిండరే అంటన్నాడండి. మీకు తెలవకుండా ఉండదు కదా. ఎందుకు చేశాడండీ?"

"నిజంగా సిలిండరేనమ్మా. ఎండకు పేలింది. అందులో ఇంకేమీ లేదు. నేను ఒట్టేసి చెబుతున్నాను."

ఆమె ఆయన మొహంలోకి కాసేపు చూసింది. చూసి, అంతా అర్థమైనట్టు తలూపింది.

"పోన్లెండి బాబూ. మీరు మాత్రం ఎలా చెప్తారు," అని ఖాళీ బిందె తీసుకుని కుళాయి వైపు వెళ్ళిపోయింది.

నూకరాజు నిమ్మసోడా కొట్టి భానుమూర్తి చేతికిచ్చాడు. ఆమె వెళ్ళిన వైపు చూస్తూ, "మిమ్మల్నీ అడిగిందాండి?" అన్నాడు.

"అడిగింది."

"ఏం చెప్పారండి?"

"సిలిండరని చెప్పాను."

"అదే చెప్పారా," అన్నాడు నూకరాజు నీరసంగా. బండి మీద తడిగుడ్డతో తుడిచిన చోటే మళ్ళీ తుడిచాడు. "ఊళ్ళో వాళ్ళు ఏమనుకున్నా నాకేం కాదండి. బేరం బానే ఉంది. ఇంటికాడేనండి. కూరేం వండమంటావని అడగడం మానేసిందండి. కంచం పెట్టి, ఎదురుగా కూర్చుని, నా మొహంలోకే చూత్తా ఉంటందండి, ఈ పూటైనా చెప్తానేమోనని. ముద్ద దిగట్లేదండి." గొంతు తగ్గించాడు. "అయ్యగారూ, మీరు ఎంతమందికో రాశారు. నాకూ ఒకటి రాసివ్వండి, ఉద్దేశం. చూసుకుని చెప్పేత్తాను."

భానుమూర్తి సోడా పక్కన పెట్టాడు. త్రేనుపు రాలేదు. చెయ్యి జేబులోని కలం మీదికి దానంతటదే వెళ్ళింది.

"ఎలాంటిది కావాలి?" అని అడిగాడు.

నూకరాజు కుళాయి వైపు చూశాడు. వీరవేణి బిందె నిండేదాకా ఆగి, దాన్ని నడుం మీదికి ఎత్తుకుంటోంది.

"చిన్నదే చాలండి," అన్నాడు. "ఇంట్లో నమ్మేలా ఉంటే చాలు."